కర్త

పందొమ్మిదేళ్లుగా వాషింగ్టన్‌లో
ఒక పెద్ద బ్యాంకు పదకొండో అంతస్తులో
సమావేశాల వివరాలు రాస్తున్నాను.
దగ్గులు తీసేస్తాను, తడబాట్లు తీసేస్తాను,
ఆ తర్వాత పేర్లు తీసేస్తాను.

మొదటి వారమే నేర్పారు:
"ఆయన ఒప్పుకున్నాడు" అనకు,
"అంగీకరించబడింది" అను.

ఆ "బడు"లో ఒక పడటం ఉందని
చాలాకాలం నా చెవికి తెలియలేదు.
తగ్గించబడింది, వాయిదా వేయబడింది, నిలిపివేయబడింది...
ఎక్కడో దూరాన ఏదో పడుతూనే ఉంటుంది,
తోసిన చెయ్యి మాత్రం వాక్యంలో ఉండదు.

మొన్న అక్టోబరులో
మలావీ సరస్సు ఒడ్డునున్న ఆసుపత్రి నుంచి
ఫేనెస్ చిసాలే అనే మంత్రసాని వచ్చింది.
ఫిర్యాదు విచారణ. ఆమెకు ఏడు నిమిషాలు.
సంచిలోంచి అట్ట ఊడిన రిజిస్టరు తీస్తే
ఆ అద్దాల గదిలో కిరోసిన్ వాసన.

"జీతాల ఖర్చుకు మీరొక గీత గీశారు.
గీత అవతల ఆరుగురు నర్సులు ఆగిపోయారు,
చదువు ముగించి, తెల్ల బట్టలు కుట్టించుకుని.
ఇవతల నేనొక్కదాన్ని, పద్నాలుగు మంచాలు."

పేజీ తిప్పింది.
"ఇది ఆ ఏప్రిల్. వరుస వరుసకీ చివర చూడండి, నా సంతకం.
బిడ్డ ఏడిస్తే పెట్టాను.
ఏడవకపోయినా పెట్టాను.
ఇప్పుడు మీ రిజిస్టరు చూపించండి."

ఎడమ పక్కాయన కుడి పక్కాయన వైపు చూశాడు.
ఎవరో గ్లాసులో నీళ్లు నింపుకున్నారు, నిండాక కూడా.
ఇరవైకి పైగా దేశాల తరఫున
ఒకే కుర్చీలో ఒదిగి కూర్చున్న మనిషికి
మైకు అందేసరికి భోజనాల వేళైంది.
"అది ఉమ్మడి నిర్ణయం" అన్నారు.
ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు గానీ
ఇక్కడ గొర్రెకేం కాలేదు.

ఆ గీత గీసినప్పటి అధ్యక్షుడు
నిరుడే సెలవు పుచ్చుకున్నాడు.
వీడ్కోలు వివరాలూ నేనే రాశాను: "సేవలు కొనియాడబడినవి."
ఆయన పేరు మధ్య పేరుతో సహా
పూర్తిగా రాయమన్నది ఆ ఒక్క పేజీలోనే.

సాయంత్రానికి సంస్కరణల సంఘం ఒకటి వేశారు.
ఇది మూడోది.
మొదటి సంఘం నివేదిక ఎక్కడుందో తెలీదు,
రెండోదాన్ని నా కుర్చీ కుంటుతుంటే కాలికింద పెట్టాను.
మంచి మందం.

ఆ రాత్రి అందరూ వెళ్లాక
నా వాక్యానికి ఒక కర్తను పెట్టాను.
ఫలానా తేదీన, ఫలానా గదిలో,
ఫలానా ఆయన ఆ గీత గీశాడు.
మధ్య పేరుతో సహా.
కీబోర్డు మీద వేళ్లు దొంగల్లా నడిచాయి.

పొద్దున్నే ప్రతి తిరిగొచ్చింది.
నా వాక్యం మీద ఎర్ర గీత.
పైన: "గీయబడింది."
పక్కన మార్జిన్‌లో మాత్రం యంత్రం,
మర్యాదలేవీ తెలియని యంత్రం,
దిద్దినవారి పేరు, గంట, నిమిషం
ఎవరూ అడక్కుండానే రాసి పెట్టింది.

ప్రింటు తీసి, కోటు లోపల దాచుకుని కిందికి దిగాను.
వానలో టాక్సీ కోసం నిలబడి ఉంది ఫేనెస్.
కాగితం రెండుసార్లు చదివింది.
మెచ్చుకోలేదు, కృతజ్ఞతలూ చెప్పలేదు.
రిజిస్టరు తెరిచి ఏప్రిల్ పేజీలో దాన్ని ఉంచి,
ఖాళీ వరుస మీద వేలు ఆనించి
"రాసింది నువ్వే కదా, సంతకం పెట్టు" అంది.

పెన్ను తీసుకున్నాను.
ఇన్నేళ్లూ అందరి పేర్లూ తుడిచిన చెయ్యి,
నా పేరు మొదటి అక్షరం దగ్గర
కాసేపు ఆగింది.
టాక్సీ హారన్ కొట్టింది.